రెండో పిల్లరులో ఉప్పు

“జావలో ఉప్పు లేదే.”

“ఉండదు. డాట్రు ఒద్దన్నాడు.”

“ఆ రెండో పిల్లరుకి పోసిన దాంట్లో చిటికెడు నాకెయ్యవే. దానికి గుప్పిళ్లు గుప్పిళ్లు పోశావుగా.”

“అది స్టీలు పిల్లరు. నువ్వు మామూలు రాడ్డువి. తాగి పడుకో.”

ఆయన నవ్వాడు. నవ్వుకి చెయ్యి కదిలి గ్లాసులో జావ దుప్పటి మీద ఒలికింది. సగం తాగి గ్లాసు నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆ దుప్పటీ, నాలుగు బట్టలూ పట్టుకుని పంపు దగ్గరికి వెళ్లాను. ఉతికి, జాడించి, దండెం మీద ఆరేసి, మధ్యాహ్నం అన్నానికి లేపబోతే ఆయన లేవలేదు.

మా ఇద్దరి ఆఖరి మాటలు ఇవే. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

ఈ మాటలు నేను మా ఆడబిడ్డకు చెప్పడం తప్పయింది. పదకొండో రోజున బంధువులంతా భోజనాల దగ్గర ఉండగా ఆవిడ గట్టిగా అంది: “పొయ్యేవాడు చిటికెడు ఉప్పడిగితే పెట్టలేదంట ఒదిన. చప్పిడి జావ తాగి పోయాడు మావోడు.” విస్తళ్ల ముందున్నవాళ్లు నావైపు చూశారు. ఇంటినిండా జనం, వడ్డన మధ్యలో ఉంది, అందుకని ఆ రోజు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నేను సంతకం పెట్టగలను, బస్సు బోర్డు చదవగలను, అంతకుమించి రాదు. రాసేది మా చెల్లెలి కూతురు. నరసరావుపేటలో ప్రైవేటు బడిలో టీచరు. నా మాట మోటుగా ఉన్నచోట సరిచేసుకో అమ్మాయ్, విషయం మాత్రం మార్చొద్దు అని చెప్పాను.

మా ఆయన రాడ్ బెండింగ్ మేస్త్రి. ఇళ్లకు, బడులకు, నీళ్ల ట్యాంకులకు, కాలవల మీద చిన్న చిన్న వంతెనలకు ఇనుము వంచి కట్టేవాడు. మాది నకరికల్లు దగ్గర పల్లె. పెళ్లయిన రెండో ఏడు నుంచి నేనూ ఆయన వెంట పనికి వెళ్లాను. ఆయన రాడ్డు కొలిచి వంచేవాడు, నేను తీగతో ముడులు వేసేదాన్ని. రెండు రాడ్లు కలిసేచోట తీగ మడిచి దూర్చి, హుక్కు తగిలించి రెండు మెలికలు తిప్పితే ముడి పడుతుంది. చూడటానికి ఏముంది అనిపిస్తుంది. రోజుకు వందల ముడులు వేస్తే సాయంత్రానికి చెంబు పట్టుకోవడానికి వేళ్లు మూసుకోవు. నా ముడి ఊడిందని పల్నాడులో ఎవరూ అనలేరు. జనం వంతెన మీద బస్సులో పోతూ కిటికీలోంచి మిరప తోటలు చూస్తారు. నేను కాళ్ల కింద ఎన్ని ముడులున్నాయో చూస్తాను.

పిడుగురాళ్ల దాటి గురజాల వైపు పోతుంటే పక్కదారిలో ఒక వాగుంది. అక్కడిది చౌడు నేల, మట్టిలోనే ఉప్పు. ఎండాకాలం గట్టంతా సున్నం చల్లినట్టు తెల్లగా పేలిపోతుంది. ఆ వాగు మీద పాత వంతెన కట్టినప్పుడు నేను కాపురానికి కొత్త. నా కళ్లముందే అది పాడైంది. ముందు కింద ఎర్రటి చారలు, తర్వాత పగుళ్లు, ఆ తర్వాత పెచ్చులు. చివరికి రాడ్లు బక్క గొడ్డు పక్కటెముకల్లా బయటపడ్డాయి. దాన్ని పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు రాడ్ల పని మా ఆయనకు వచ్చింది.

పాతది పగలగొడుతున్నప్పుడు ఆయన లోపలి రాడ్డు ముక్క ఒకటి తెచ్చి నా ఒళ్లో పడేశాడు. బొటనవేలంత లావు ఉండాల్సిన రాడ్డు. పొరలు పొరలుగా ఊడొస్తూ, లోపల పెన్సిలంత మిగిలింది.

“చూడవే. తుప్పు పడితే ఇనుము చిక్కిపోద్ది అనుకుంటారు జనం. ముందు ఉబ్బుద్ది. ఉబ్బి, కాంక్రీటుని లోపల్నుంచే పగలగొట్టుద్ది. ఆ పగుల్లోంచి ఇంకా ఉప్పు తడి దిగుద్ది. ఇంకా ఉబ్బుద్ది.”

“అంటే బయట్నుంచి ఎవరూ కొట్టలేదు దీన్ని.”

“ఎవురూ కొట్టలా. దీనంతట ఇదే.”

‘ముందు ఉబ్బుద్ది’ అన్న ఆ మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

అందుకని కొత్త వంతెనకు తుప్పు పట్టని రాడ్డు తెప్పించారు. మన దగ్గర ఆ రాడ్డు వాడటం అదే మొదలని ఇంజినీరు చెప్పాడు. ఆయన వేరే జిల్లా నుంచి వచ్చిన కుర్ర ఇంజినీరు, సన్నగా ఉంటాడు, మాట మాత్రం కచ్చితం. లారీలోంచి దింపుతుంటే ఆ రాడ్లకు ప్లాస్టిక్ చుట్టి ఉంది. విప్పితే తెల్లగా, తోమి ఆరబెట్టిన గిన్నెలా ఉన్నాయి. వంతెన పక్కన వాగులో వేసిన మట్టిదారిన పోయే సున్నపురాయి లారీలవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు.

“ఏంది మేస్త్రీ, వాగులో స్టీలు సామాన్ల షాపు పెడతన్నావా?” అని ఒకడు.

“ఆ. నీ పెళ్లానికో బిందె వొంచిస్తా, దింపుకుపో” అని మా ఆయన.

ఆ రాడ్డుతో పని అత్తగారితో కాపురంలా ఉండేది. నేల మీద పెట్టకూడదు, చెక్కల మీద పెట్టాలి. ఈడ్వకూడదు, భుజాల మీద మొయ్యాలి. మామూలు రాడ్డు కోసే మిషను దీనికి వాడకూడదు. మామూలు నల్ల తీగతో కట్టకూడదు, దాని జాతి తీగతోనే కట్టాలి, లేకపోతే తీగ తుప్పు రాడ్డుకు మచ్చ పెడుతుంది. పునాదికీ, పిల్లర్లకు వాగు నీళ్లు తగిలేంత ఎత్తు వరకూ ఈ రాడ్డు, ఆ పైన మామూలు రాడ్డు. వంచితే ఇది స్ప్రింగులా వెనక్కి వచ్చేది. మా ఆయన మూడు ముక్కలు పాడుచేసుకున్నాకగానీ ఎంత ఎక్కువ వంచితే సరిగ్గా ఆగుతుందో లెక్క దొరకలేదు.

నా ముడి ఊడిందని ఎవరూ అనలేరు అన్నానే, ఆ మొదటిరోజు ఊడింది. పదీ పదిహేను ఊడాయి. ఆ తీగ బిరుసు, రెండు మెలికలకు లొంగదు. మూడోది కూడా తిప్పాలి. రెండ్రోజులకు అదీ పట్టుబడింది. వేళ్లు కోసుకుపోయిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

మా ఆయన ఎవరి మాటా వట్టిగా నమ్మే మనిషి కాదు. కొత్త రాడ్డు ముక్క ఒకటి, పాత రకం ముక్క ఒకటి ఇంటికి తెచ్చాడు. నా చిన్న పచ్చడి జాడీ ఖాళీ చేయించి, నీళ్లు పోసి, ఉప్పు కలిపి, రెండూ అందులో వేసి గూట్లో పెట్టాడు. వారానికి నీళ్లు ఎర్రబడ్డాయి. పాత రకం ముక్కకు తుప్పు బూజులా పట్టింది. కొత్త ముక్క తీసి పంచెతో తుడిస్తే ఏమీ కాలేదు. ఆ తర్వాత మా ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల కంటే ముందు జాడీ చూపించేవాడు.

నేనూ చూశాను. ఈ రాడ్డు ఉప్పుకు భయపడదు అని మనసులో పెట్టుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

రెండో పిల్లరుకు రాడ్లు కట్టేటప్పుడు మా ఆయన జారి పడ్డాడు. నిలువెత్తు పైనుంచి నడుం మీద పడ్డాడు. ఎముక విరగలేదుగానీ రెండ్రోజులు మంచం దిగలేదు. మూడోరోజు నడుముకి తువ్వాలు బిగించి మళ్లీ పైకెక్కాడు. నాతో పనిచేసే ఆడవాళ్లు ఊరుకుంటారా?

“కన్ను పడిందొదినా. ఆ తెల్ల రాడ్లు జూసి బస్సులో జనం మెడలు సాచి సాచి పోతన్నారు. ఆళ్ల కళ్లన్నీ మన మగోళ్ల మీదే.”

“మాచర్ల బస్సు డ్రైవరైతే బండి ఆపి మరీ జూశాడు, పాడు కళ్లు.”

నాకూ నిజమే అనిపించింది. సాయంత్రం పని దిగాక ఆయన్ని సిమెంటు బస్తా మీద కూర్చోబెట్టి, గుప్పెట్లో రాళ్లుప్పూ మిరపకాయలూ పట్టుకుని, ఇటు మూడుసార్లు అటు మూడుసార్లు తిప్పాను. మిరపకాయలు నిప్పులో వేశాను. ఉప్పు మాత్రం నీళ్లలో వెయ్యాలి, ఎవరి కాలూ పడని నీళ్లలో. ఉప్పు కరిగినట్టు కన్ను కరిగిపోవాలి, అదీ మా పద్ధతి. వాగులో వేద్దామంటే ఎండాకాలం, ఇసక తప్ప చుక్క లేదు. కాంక్రీటు కలిపే మిల్లరు పక్కన నీళ్ల డ్రమ్ము ఉంది. అందులో వేశాను.

నన్ను చూసి మిగతా ఐదుగురూ వాళ్ల వాళ్ల మగవాళ్లకు తిప్పి అందులోనే వేశారు. ఒక్కరోజుతో ఆపలేదు. నాలుగు సాయంత్రాలు వేశాం. పొద్దున్నే ట్యాంకరు నీళ్లు దాని మీద పడేవి, ఉప్పు కరిగి కలిసిపోయేది. ఆ నీళ్లతోనే కాంక్రీటు కలిపారు. ఆ కాంక్రీటుతోనే రెండో పిల్లరు కింది భాగం పోశారు.

నీళ్లు తెచ్చేది పిడుగురాళ్ల సాయిబుల అబ్బాయి. సొంత ట్రాక్టరు, సొంత ట్యాంకరు. వాగు దగ్గర బావులన్నీ ఉప్పనే గనక దూరంగా మంచి బోరు దగ్గర పట్టుకుని వచ్చేవాడు. నన్ను అక్కా అనేవాడు, మా ఆయన్ని మేస్త్రన్నా అనేవాడు. రోజూ పొద్దున ఇంజినీరు ట్యాంకరు పంపు దగ్గర నీళ్లు పట్టి, చిన్న గాజు గొట్టంలో మందు చుక్క వేసి చూసేవాడు. ఉప్పుంటే తెల్లబడుతుందట, తేటగా ఉంటే సరే అనేవాడు. సాయంత్రం డ్రమ్ములో పోసిపోయే రెండో ట్రిప్పు మాత్రం చూసేవాడు కాదు.

ఐదోరోజు ట్యాంకరు ఆలస్యమైంది. ఆ రోజు రెండో పిల్లరు పై భాగం పొయ్యాలి. అంటే మామూలు రాడ్డు ఉన్న భాగం. కాసేపు ఆగి ఆగి, ఇంజినీరు డ్రమ్ములో మిగిలిన నీళ్లే గొట్టంలోకి తీసుకుని చుక్క వేశాడు. విరిగిన పాలలా తెల్లబడింది. మళ్లీ తీశాడు. మళ్లీ అంతే. అప్పుడే ట్యాంకరు వచ్చింది. దాని నీళ్లు చూస్తే తేటగా ఉన్నాయి.

“ఇవాళ మంచి నీళ్లు తెచ్చావ్. నిన్న ఎక్కడివి పోశావ్? ఏ చౌడు బావిలోవి?”

“సార్, అల్లా తోడు. రోజూ తెచ్చే బోరే సార్.”

“అబద్ధం చెప్పకు. దగ్గరని బావిలో తోడుకొచ్చావ్. రేపటి నుంచి నీ ట్యాంకర్ రావద్దు. ఈ డ్రమ్ము పారబోసి నింపి వెళ్లిపో.”

అంటే ఇంజినీరు లెక్కలో నిన్న సాయంత్రం పోసిన నీళ్లు ఒక్కటే చెడ్డవి, పిల్లరులోకి పోయినవన్నీ మంచివి. నాకు మాత్రం తెలుసు, నాలుగు రోజుల ఉప్పు పిల్లరులోనే ఉంది. నోరు మూసుకుంటే పిల్లరుకు ఏమీ కాదు, ట్యాంకరు అబ్బాయి పోతాడు. నోరు తెరిస్తే అబ్బాయి నిలబడతాడు, పిల్లరు పగలగొడతారు. అది నడుముకి తువ్వాలు కట్టుకుని మా ఆయన కట్టిన పిల్లరు. ఆ కొత్త రాడ్డు చేతికి లొంగాక ఆయన తనకు తాను మెచ్చుకుంటూ వంచిన వంపులు అందులో ఉన్నాయి. ఫోను తీసి ఫోటో కూడా తీసుకున్నాడు దాన్ని. నా ఫోటో ఎప్పుడూ తియ్యలేదు.

నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయించడం లేదు. కాసేపు నోరు మూసుకునే ఉన్నాను. మిగతా ఆడవాళ్లు కొంగులు సర్దుకుంటూ నేల చూస్తున్నారు. అప్పుడు ఆ అబ్బాయి నావైపు తిరిగాడు.

“అక్కా, నువ్వు చెప్పు. నా ట్యాంకరు నీళ్లే గదా మీ బిందెలో పట్టుకుని తాగుతారు రోజూ. నిన్న ఉప్పగున్నాయా?”

నిన్న ఉప్పగా లేవు. సాయంత్రం కూడా రెండు చెంబులు తాగాను. తాగిన నీళ్లు ఉప్పని ఎలా చెప్పను?

“లేవయ్యా, తియ్యగున్నాయి. సార్, ఆ పిలగాణ్ణి అనబాకండి. డ్రమ్ములో ఉప్పు నేనేశా.”

ఇంజినీరుకు అర్థం కాలేదు. “ఉప్పు వేశావా? ఎందుకమ్మా?”

“మా ఆయనకి దిష్టి దీసి.”

అప్పుడు పక్కనున్న పిన్ని గొణిగింది, “నేనూ ఏశా సార్.” ఆమె పక్కనావిడ, “నేను గూడా.” అలా వరసగా ఆరుగురం. ఒకావిడైతే, “నేను మా మరిదిక్కూడా తీశా సార్, రొండు గుప్పిళ్లు” అంది.

ఇంజినీరు సిమెంటు బస్తా మీద కూలబడ్డాడు. “ఎన్ని రోజులు?” అన్నాడు. నాలుగు అన్నాను. గొట్టం చేతిలో పట్టుకుని రెండో పిల్లరువైపు చూశాడు. మా ఆయన కూడా చూశాడు. ఆయనకూ అర్థమైంది.

“ఏమే, నా మీద దిష్టి దీసి నా పిల్లరుకి పెట్టావంటే?”



“జాడీలో నువ్వే చూపించావుగా, ఆ రాడ్డుకి ఉప్పంటే లెక్కలేదని” అన్నాను.

“జాడీలో ఏసింది చెంచాడే! నువ్వు పోసింది బస్తా!” అన్నాడు. తర్వాత ఇంజినీరు ముందుకెళ్లి నిలబడ్డాడు. “కొట్టించండి సార్. మళ్లీ కడతా. మా ఆడోళ్లు చేసిందానికి నేనే పూచీ.”

ఇంజినీరు వెంటనే కొట్టించలేదు. పిల్లరుకు మూడుచోట్ల సన్న రంధ్రాలు తొలిపించి, రాలిన పొడి పొట్లాలు కట్టి గుంటూరు పంపాడు. జవాబు వచ్చేదాకా పని ఆపేశారు.

మొదటి మూడు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. ఆయన తిడితే బాగుండును. తిట్టలేదు. మొదటిరోజు పొద్దుగూకే వేళ గూట్లోంచి జాడీ దించి, పాత ముక్క తీసి పారేసి, కొత్త ముక్క ఒక్కటీ ఉంచి గుప్పెడు ఉప్పు వేశాడు. మర్నాడు తీసి తుడిచి, వెలుగుకు పట్టి చూసి, ఇంకో గుప్పెడు వేసేవాడు. పిల్లరుకు పడిన శిక్షే ఆ ముక్కకూ వేస్తున్నాడని నాకు రెండోరోజుకు తెలిసింది. మూడోరోజు ఉప్పు డబ్బా ఖాళీ అయింది.

“ఏమే, ఇంకో గుప్పెడు తే.”

ఆ మూడు రోజుల్లో నాతో అన్న మొదటి మాట అది. పక్కింటికి పరుగెత్తి అప్పుగా ఉప్పు తెచ్చాను. సాయంత్రం వేళ ఉప్పు బదులివ్వరు, అయినా పిన్నీ అని బతిమాలి తెచ్చాను.

నాలుగోరోజు ఇంజినీరు కాగితం పట్టుకుని వాగు దగ్గరికి వచ్చాడు. మమ్మల్నందర్నీ పిలిచాడు.

“ఉప్పు ఉంది. ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉంది. మామూలు రాడ్డయితే ఈ పిల్లరు ఇవాళే పగలగొట్టించేవాణ్ణి. ఈ రాడ్డు ఈ మాత్రం ఉప్పుకు తట్టుకుంటుంది. ఉండనిద్దాం. మేస్త్రీ, నీ పిల్లరు బతికింది. నీ పనితనం వల్ల కాదు, రాడ్డు వల్ల.”

ఆ చివరి మాట మా ఆయనకు గుచ్చుకుంది. మీసం సర్దుకుని అన్నాడు: “సరే సార్, రాడ్డు వల్లే. పైన ఎక్కేది మామూలు రాడ్డేగా? ఈవిడ నోరిప్పకపోతే మీరు ఆ డ్రమ్ము పారబోసి నింపేవోళ్లు, ఈళ్లు సాయంత్రం మళ్లీ ఏసేవోళ్లు, పొద్దున అది పైన పడేది. దాన్నెవరు బతికించారు?”

ఇంజినీరు నవ్వాడు. “మీ ఆవిడ” అన్నాడు.

ముప్పై ఏళ్ల కాపురంలో మా ఆయన పదిమందిలో నా తరఫున మాట్లాడటం అదొక్కసారే. అదీ నావైపు చూడకుండా మాట్లాడాడు.

మర్నాడు ఆయనే బండి వేసుకుని పిడుగురాళ్ల వెళ్లి, ట్యాంకరు అబ్బాయితో హోటల్లో టీ తాగి, వెంటబెట్టుకుని వచ్చాడు. డ్రమ్ముకు చెక్క మూత చేయించి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. మేం దిష్టి తియ్యడం మానలేదు, ఎవరి ఇంట్లో వాళ్లు తీసి పొయ్యిలో వేసుకున్నాం. ఆ అబ్బాయి రోజూ ట్యాంకరు పంపు తిప్పే ముందు మొదటి గ్లాసు నాకిచ్చేవాడు. “తాగి చూడక్కా. మళ్లీ నా మీదికి తేబాకు.”

వంతెన లేచింది. బస్సులు తిరిగాయి. మా ఇంట్లో మాత్రం ఆ మాట ఉండిపోయింది. కూరలో ఉప్పెక్కువైతే “రెండో పిల్లరు అయిందే ఇవాళ” అనేవాడు.

ఇప్పుడు మా ఆడబిడ్డ మాట దగ్గరికి వస్తాను.

ఆయనకు బీపీ ముదిరి కిడ్నీల మీదికి వచ్చింది. నరసరావుపేటలో డాక్టరు ఉప్పు పూర్తిగా ఆపమన్నాడు, ఆపినా ఏడాదికి మించి కష్టమన్నాడు. జీవితమంతా ఆవకాయతో అన్నం తిన్న మనిషి. మొదట్లో దొంగతనంగా తినేవాడు. నేను నీళ్లకు వెళ్లి వచ్చేసరికి జాడీ మూత పక్కకు ఉండేది, వేళ్లు ఎర్రగా ఉండేవి. తిన్న మర్నాడు కాళ్లు వాచేవి. ఒకరోజు మంచం మీద కూర్చుని, తన పాదం మీద తనే బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. ఆ గుంట పూడేదాకా చూశాడు.

“ఉబ్బిందే” అన్నాడు.

“ఊ.”

“ముందు ఉబ్బుద్ది” అన్నాడు.   పాత వంతెన రాడ్డు ముక్క నా ఒళ్లో పడేసి చెప్పిన మాటే అది. ఇద్దరికీ గుర్తుంది.

ఆ రోజే పచ్చళ్ల జాడీలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా నడుముకి కట్టుకున్నాను. ఆయన చూశాడు. “డ్రమ్ముకి తాళమా?” అన్నాడు. “డ్రమ్ముకే” అన్నాను. ఆ తర్వాత మళ్లీ దొంగతనంగా తినలేదు. అడిగేవాడు, రోజూ అడిగేవాడు. అడగడం ఆయన సరదా, లేదనడం నా పని. అలా పోట్లాడుకుంటూ డాక్టరు చెప్పిన గడువు దాటి రెండు ఎండాకాలాలు ఎక్కువ బతికాడు. అవి చప్పిడి కూడు తిని బతికిన ఎండాకాలాలు. మా ఆడబిడ్డ ఆ రెండేళ్లూ ఆయన్ని చూడటానికి వచ్చిపోయింది కదా. ఉప్పు పెట్టి ఉంటే ఎవర్ని చూడటానికి వచ్చేది?

ఉప్పు నీళ్లు లోపలికి పోతే ఏమవుతుందో నేను చేత్తో పట్టుకుని చూసినదాన్ని. తెలియక ఒకసారి పోశాను. తెలిశాక ఎవరడిగినా పొయ్యను, ఆయన అడిగినా పొయ్యను.

ఒక్క విషయం దాచను. అదే ఆఖరి గ్లాసని తెలిసి ఉంటే వేసేదాన్నా అని నన్ను నేను చానా సార్లు అడిగాను. వెయ్యను. తెలిసి ఉంటే బట్టలు ఉతకడానికి వెళ్లేదాన్ని కాదు. దుప్పటి అలాగే ఉండనిచ్చి పక్కన కూర్చునేదాన్ని. నాకు బాధంటూ ఉంటే దుప్పటి గురించి ఉంది, ఉప్పు గురించి లేదు.

పదకొండో రోజు వంటకు నీళ్లు పిడుగురాళ్ల నుంచి వచ్చాయి. ఎవరూ చెప్పకుండానే ఆ అబ్బాయి ట్యాంకరు తెచ్చి మా వాకిట్లో పెట్టాడు. ఇప్పుడు అబ్బాయి కాదు, గడ్డం నెరిసింది. పంపు తిప్పి మొదటి గ్లాసు నాకిచ్చాడు. “తాగి చూడక్కా” అన్నాడు. తాగాను. తియ్యగా ఉన్నాయి. ఆయన పోయాక నేను ఏడ్చింది ఆ గ్లాసు పట్టుకునే.

నెల మాసికం అయ్యాక ఒక్కదాన్నే బస్సెక్కి ఆ వాగు దగ్గర దిగాను. గట్టు మీద చౌడు ఎప్పట్లాగే తెల్లగా పేలి ఉంది. కిందికి దిగి రెండో పిల్లరు చుట్టూ తిరిగాను. నీళ్ల గుర్తు దగ్గర, దానికి పైన, మూలల్లో, అరచేత్తో తడిమి చూశాను. ఎర్ర చార లేదు, పగులు లేదు. పొడి కోసం తొలిచిన మూడు రంధ్రాలు పూడ్చిన మచ్చలు ఉన్నాయి, గవ్వలంత. చెవి ఆనించి గులకరాయితో కొట్టాను. లోపల బోలు ఉంటే డొల్ల మోత వస్తుంది. గట్టిగా, నిండుగా మోగింది. పైన గురజాల బస్సు పోయింది. పిల్లరు కదల్లేదు.

అమ్మాయ్, అయిపోయింది. మా ఆడబిడ్డ ఆదివారం వస్తానంది. ఆవిడ ముందు ఇది నువ్వే చదవాలి, మొదటి మాట నుంచి, జావ దగ్గర నుంచి. ఆవిడ మధ్యలో మాట్లాడితే ఆపొద్దు, చదువుతూనే ఉండు. దానికి ముందు నాకొకసారి చదువు. నువ్వు మెత్తటి మనసుదానివి, దుప్పటి దగ్గర నా బదులు నువ్వు ఏడ్చి ఏమన్నా కలిపావేమో వినాలి. ఆయన మాటలు ఆయన అన్నట్టే ఉన్నాయో లేదో వినాలి. కళ్లు తుడుచుకో. ఊ, చదువు.